ముందు ఇంజిన్, ఆ తర్వాతే గొట్టం: పాత బిగ్ బ్లాక్ కార్లకు ఎగ్జాస్ట్ ఎంచుకోవడం

(డెట్రాయిట్ శివార్లలో, ఉడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కు వారం ముందు, పాత కార్లంటే ఇష్టమున్న తెలుగువాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

నమస్కారమండీ. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. భోజనాలకు ఇంకా టైముందని వంటవాళ్ళు కబురు పంపారు, కాబట్టి మీకు తప్పించుకునే దారి లేదు. (నవ్వులు)

వచ్చే శనివారం డ్రీమ్ క్రూజ్, ఉడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు. 1995లో మొదలైంది, ఏటా ఆగస్టు మూడో శనివారం జరుగుతుంది. ఆ రోజు ఉడ్‌వర్డ్ అవెన్యూ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే మీకే తెలుస్తుంది. కొన్ని కార్లు వస్తుంటే ఛాతీలో తగులుతుంది ఆ శబ్దం, అయినా వినాలనిపిస్తుంది. ఇంకొన్ని వస్తుంటే చెవులు మూసుకుంటాం. రెండింట్లోనూ అదే కంపెనీ ఇంజిన్, అదే సైజు. తేడా అంతా వెనకాల గొట్టాల్లో ఉంది.

ఈ మధ్య నాకు ఎక్కువగా వచ్చే ఫోను ఇలా ఉంటుంది: "అన్నయ్యా, 1970 షెవెల్ 454 కొన్నాను. మూడంగుళాల ఎగ్జాస్ట్ సేల్‌లో ఉంది, కొనేయమంటారా?" ఇంజిన్ లోపల వాల్వుల్ని తెరిచే కడ్డీ, అదే క్యామ్, ఏది ఉంది బాబూ అని అడుగుతాను, తెలియదంటాడు. వెనక ఇరుసులో గేరు నిష్పత్తి ఎంత? తెలియదు. కార్బ్యురేటర్ మీద నంబరు చూశావా? ఇంకా బానెట్ తీసి చూడలేదంటాడు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! (నవ్వులు) నవ్వేవాళ్ళలో ఇద్దరు ముగ్గురు అలా ఫోన్ చేసినవాళ్ళే ఉన్నారు, పేర్లు చెప్పనులెండి.

ఇవాళ ఆ షెవెల్ 454నే పట్టుకుని మాట్లాడతాను. షెవెల్ అంటే షెవ్రొలే, అదే షెవీ, కంపెనీ కారు; 454 అంటే ఇంజిన్ సైజు, ఘనపుటంగుళాల్లో. ఇంత పెద్ద ఎనిమిది సిలిండర్ల ఇంజిన్లనే బిగ్ బ్లాక్ అంటాం. డాడ్జ్ 440 వాళ్ళు, ఫోర్డ్ 428 వాళ్ళు అలగొద్దు, లెక్క అందరికీ ఒకటే.

ముందు హార్స్‌పవర్ సంగతి తేల్చుకుందాం. ఎగ్జాస్ట్ అమ్మేవాడు మొదట అడిగేది అదే, మనం అబద్ధం చెప్పేదీ అక్కడే. 1970లో షెవెల్ ఎస్‌ఎస్ 454 రెండు రకాలుగా వచ్చింది. ఎల్‌ఎస్5 అని 360 హార్స్‌పవర్‌ది, ఎల్‌ఎస్6 అని 450 హార్స్‌పవర్‌ది. ఎల్‌ఎస్6 వేరే జాతి: 11.25 కంప్రెషన్, సాలిడ్ లిఫ్టర్లు, హోలీ కార్బ్యురేటర్. మన చేతికొచ్చేవి చాలావరకు ఎల్‌ఎస్5లే, అదీ అదృష్టం బాగుంటే. ఆ 360 అనేది గ్రాస్ అంకె. అంటే ఇంజిన్‌ని కార్లోంచి విడిగా బల్ల మీద పెట్టి, కారుకుండే ఫ్యాను, సైలెన్సర్ల లాంటి బరువులేవీ లేకుండా కొలిచింది. 1972 నుంచి అమెరికా కంపెనీలన్నీ నెట్ అంకెలకు మారాయి. నెట్ అంటే కార్లో ఉండే ఎగ్జాస్ట్‌తో, ఎయిర్ క్లీనర్‌తో, ఫ్యానుతో కొలిచేది. మధ్యలో 1971లో జనరల్ మోటార్స్ రెండు అంకెలూ పక్కపక్కనే వేసింది. ఆ ఏడాది ఎల్‌ఎస్5కి గ్రాస్ 365, నెట్ 285. అదే ఇంజిన్, అదే ఏడాది, 80 గుర్రాలు కాగితం మీదే మాయం! ఆ 80 అంతా ఎగ్జాస్ట్ తినేసిందని కాదు, అన్నీ కలిసి తిన్నాయి. కానీ మనం రోడ్డు మీద నడిపేది మాత్రం నెట్ ఇంజిన్‌ని.

ఇప్పుడు గొట్టం లెక్క. ఇంజిన్లు కట్టేవాళ్ళు వాడే కొండగుర్తు ఒకటుంది. ఒక్కో హార్స్‌పవర్‌కు నిమిషానికి 2.2 ఘనపుటడుగుల ప్రవాహం కావాలి. గొట్టం అడ్డకోతలో ఒక చదరపుటంగుళం నుంచి నిమిషానికి దాదాపు 115 ఘనపుటడుగులు పెద్ద అడ్డంకి లేకుండా వెళ్తాయి. రెండున్నర అంగుళాల గొట్టం తీసుకోండి. అది బయటి కొలత. 16 గేజి రేకు మందం తీసేస్తే లోపల 2.37 అంగుళాలు. వైశాల్యం 4.4 చదరపుటంగుళాలు. లెక్క వేస్తే ఒక గొట్టానికి 230 హార్స్‌పవర్. రెండు వైపులా కలిపి 460. అదే మూడంగుళాలకైతే రెండూ కలిపి 670 దాటుతుంది. రెండుంపావు గొట్టాలు జంటగా 365 దాకా లాగుతాయి.

మన ఎల్‌ఎస్5 నెట్ ఎంతన్నాం? 1971 ఇంజిన్‌కి 285. 1970 దానికి కంప్రెషన్ ఎక్కువ కాబట్టి 320 వేసుకోండి. హెడర్లు, అంటే ఒక్కో సిలిండర్‌కీ విడి గొట్టం ఉండే ఎగ్జాస్ట్ జత, పెట్టారు, క్యామ్ మార్చారు, కార్బ్యురేటర్ సరిచేశారు, 400 వేసుకోండి. అయినా రెండున్నర గొట్టాలకు ఇంకా 60 గుర్రాల జాగా మిగిలే ఉంది. మరి మూడంగుళాలు దేనికండీ? పక్క కారువాడికి చూపించుకోవడానికి తప్ప?

శ్రోత: పెద్ద గొట్టం పెడితే నష్టమేముందండీ? బ్యాక్‌ప్రెషర్ తగ్గి మంచిదే కదా?

మంచి ప్రశ్న. దీని మీద రెండు వర్గాలున్నాయి. ఇంజిన్‌కి బ్యాక్‌ప్రెషర్, అంటే బయటికి పోయే పొగకు ఎదురయ్యే ఒత్తిడి, కావాలి అనేవాళ్ళు ఒకరు, ఎంత పెద్ద గొట్టం పెడితే అంత మంచిది అనేవాళ్ళు ఇంకొకరు. ఇద్దరూ తప్పే. ఏ ఇంజిన్‌కీ బ్యాక్‌ప్రెషర్ అక్కర్లేదు. దానికి కావలసింది వేగం. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే పొగ ఒక దెబ్బలాగా గొట్టంలోకి దూకుతుంది. ఆ వేగానికి వెనక కాస్త ఖాళీ ఏర్పడుతుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కొద్దిసేపు కలిసి తెరిచి ఉండే సమయంలో ఆ ఖాళీ కొత్త గాలిని సిలిండర్‌లోకి లాక్కొస్తుంది. గొట్టం మరీ వెడల్పయితే పొగ నీరసిస్తుంది, ఆ లాగుడు పోతుంది. ముఖ్యంగా 2000, 2500 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) దగ్గర, అంటే మనం సిగ్నల్ దాటి బండి లాగే చోట. హెడర్లో సిలిండర్ల నుంచి వచ్చే ప్రైమరీ గొట్టాల దగ్గర ఈ సంగతి బాగా తెలుస్తుంది. సైలెన్సర్ వెనకాల గొట్టానికొస్తే దీని ప్రభావం తక్కువ. అక్కడ మూడంగుళాల వల్ల వచ్చే నష్టం ఇంకో రకం. వెనక ఇరుసు మీదుగా వంపు తిరిగే చోట జాగా చాలదు. గుంటలో పడ్డప్పుడల్లా ఫ్రేముకు తగిలి టంగుమంటుంది. స్పీడ్ బ్రేకర్ మీద ఈడ్చుకుంటుంది. ఇక హైవే మీద బుర్ర తిరిగే హోరు, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు హెడర్ల దగ్గరికొద్దాం. మీ కారుకి సిలిండర్ల పొగని ఒకచోట చేర్చే ఫ్యాక్టరీ మానిఫోల్డ్ ఉందనుకోండి, పోత ఇనుముది. దాన్ని పీకెయ్యాలా వద్దా? పీకే ముందు ఒక పని చెయ్యండి. కుడి వైపు మానిఫోల్డ్ కింద, గొట్టం కలిసే చోట, హీట్ రైజర్ అని చిన్న రేకు తలుపు ఉంటుంది. పక్కన చుట్టలు చుట్టిన స్ప్రింగు, ఒక బరువు కనిపిస్తాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అది మూసుకుని వేడి పొగని ఇన్‌టేక్ కిందుగా పంపిస్తుంది, కార్బ్యురేటర్ త్వరగా వేడెక్కడానికి. ఇంజిన్ వేడెక్కాక తెరుచుకోవాలి. యాభై ఏళ్ళ తర్వాత ఆ తలుపు తుప్పు పట్టి మూసుకున్న చోటే బిగుసుకుపోయి ఉంటుంది. అప్పుడు కుడి బ్యాంకు మొత్తం ఊపిరాడక కొట్టుకుంటుంది. చేత్తో ఆ బరువుని తిప్పి చూడండి, కదలకపోతే తుప్పు వదిలించే నూనె కొట్టి, మెల్లగా కదిపి వదిలించండి. వేల డాలర్ల ఎగ్జాస్ట్ కొనే ముందు ఈ పని చేసినవాళ్ళు కొందరు, ఇక ఏమీ కొననక్కర్లేదని తేల్చుకున్నారు.

హెడర్లే పెట్టాలనుకుంటే సైజు. రోడ్డు మీద తిరిగే 454కి ప్రైమరీ గొట్టాలు ఒకటి ముప్పాతిక, అంటే 1.75 అంగుళాలు చాలు. క్యామ్ కాస్త ఘాటుగా ఉంటే 1.875. రెండంగుళాలు, అంతకు మించినవి రేసు ఇంజిన్లకు, 6000 పైన తిరిగేవాటికి. మీరు 6000 ఎన్నిసార్లు తిప్పారో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. (నవ్వులు) అదిగో, ఆ మూల చెయ్యెత్తారు. మీరు డ్రాగ్ స్ట్రిప్‌కు వెళ్తారు, మీకు మినహాయింపు.

నాలుగు గొట్టాలు నేరుగా ఒక్క కలెక్టర్‌లో, అంటే అవన్నీ ఒకటయ్యే చోట, కలిసేవి ఒక రకం. రెండేసి కలిసి, ఆ రెండూ మళ్ళీ ఒకటయ్యేవి ట్రై-వై అంటారు. రెండోవాటికి కింది ఆర్‌పీఎమ్‌లో టార్క్ బాగుంటుంది. బిగ్ బ్లాక్‌కు అవి దొరకడం తక్కువ, దొరికితే తీసుకోండి.

హెడర్ పెట్టాక వచ్చే తలనొప్పులు కూడా చెప్పాలి, అవి ఏ డబ్బా మీదా రాయరు. షెవెల్‌లో స్టార్టర్ మోటారు సరిగ్గా ఆ వేడి గొట్టాల పక్కనే ఉంటుంది. బాగా తిరిగి వచ్చి, పెట్రోలు కొట్టించుకుని, మళ్ళీ తాళం తిప్పితే టక్ మని శబ్దం వస్తుంది, స్టార్టర్ మాత్రం తిరగదు. వేడికి బిగుసుకుపోతుంది. వేడి తగలకుండా రేకు కవచం పెట్టండి, లేదా గేరు తగ్గింపు ఉన్న చిన్న స్టార్టర్ వేసుకోండి. స్పార్క్ ప్లగ్ తీగలు గొట్టాలకు తగిలి కాలుతాయి. క్లచ్ కార్లయితే క్లచ్ మెకానిజం రాడ్లకు జాగా ఉందో లేదో ముందే చూసుకోండి. డాడ్జ్, ప్లిమత్ వాళ్ళకు ముందు సస్పెన్షన్‌లోని టార్షన్ బార్లు అడ్డం, హెడర్ వాటి మధ్య మెలికలు తిరగాలి. 428 మస్టాంగ్ వాళ్ళ మీద నాకు జాలి. షాక్ టవర్ల మధ్య ఇంజిన్ ఇరుక్కుని ఉంటుంది, ఒక్కో బోల్టుకీ ఒక్కో మొక్కు మొక్కుకోవాలి.

క్రైస్లర్ 440 మాగ్నమ్‌తో వచ్చిన హెచ్‌పీ మానిఫోల్డ్‌ల గురించి ఒక మాట. అవి పోత ఇనుమే అయినా లోపలి దారి బాగా విశాలంగా ఉంటుంది. అవి ఉన్నవాళ్ళు హెడర్ల కోసం తొందరపడక్కర్లేదు.

ఇక శబ్దం. మీరంతా దీని కోసమే వచ్చారని నాకు తెలుసు.

ఈ గుడగుడ ఎక్కడి నుంచి వస్తుంది? షెవీ బిగ్ బ్లాక్‌లో ఎడమ వైపు సిలిండర్లు 1, 3, 5, 7. కుడి వైపు 2, 4, 6, 8. పేలే వరస 1-8-4-3-6-5-7-2. వేళ్ళ మీద లెక్కపెట్టండి. 5 తర్వాత వెంటనే 7, రెండూ ఎడమవే. క్రాంకు 90 డిగ్రీలు తిరిగేసరికి అదే గొట్టంలోకి రెండు దెబ్బలు. తర్వాత 1 దాకా 180 డిగ్రీలు. 1 నుంచి 3 దాకా 270 డిగ్రీల ఎడం. ఆ తర్వాత 5 కి మళ్ళీ 180. కుడి వైపు కూడా ఇంతే, అక్కడ 8, 4 వెంటవెంటనే పేలతాయి. మొత్తం ఇంజిన్‌ని చూస్తే ప్రతి 90 డిగ్రీలకూ ఒక పేలుడు, తాళం తప్పదు. కానీ ఒక్క వైపు గొట్టానికి చెవి ఆనిస్తే తాళం తప్పుతూ నడుస్తుంది. ఆ తప్పిన తాళమే మనకు ఇష్టమైన గుడగుడ. రెండు గొట్టాలనీ ముందు నుంచి వెనక దాకా విడివిడిగా లాగితే ఆ శబ్దం గరుకుగా, ముద్దగా ఉంటుంది. మధ్యలో రెండింటినీ కలుపుతూ అడ్డంగా ఒక గొట్టం వేస్తే హెచ్ పైపు. ఒక వైపు ఒత్తిడి పెరిగినప్పుడు రెండో వైపుకు సర్దుబాటవుతుంది, శబ్దం లోతుగా, గంభీరంగా మారుతుంది. రెండు గొట్టాలనీ ఎక్స్ ఆకారంలో ఒకదాన్లో ఒకటి కలిపితే రెండు వైపుల దెబ్బలూ కలిసి దాదాపు సమంగా వస్తాయి. పై ఆర్‌పీఎమ్‌లో కాస్త బలం పెరుగుతుంది. శబ్దం మాత్రం సన్నబడి, ఈ కాలపు స్పోర్ట్స్ కారు వాసన కొడుతుంది.

నా మాట అడిగితే, 1970 కారుకు హెచ్ పైపే. ఎక్స్ పైపు ఇంజనీరింగ్‌పరంగా మెరుగని ఒప్పుకుంటాను. కానీ కళ్ళు మూసుకుని వింటే అది 454 అని నాకు తెలియాలి. ఇది ఇష్టాయిష్టాల సంగతి, మీరు ఒప్పుకోకపోయినా భోజనం కలిసే చేద్దాం.

హెచ్ పైపు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి పాత రేసర్ల పద్ధతి ఒకటుంది. కలెక్టర్ల నుంచి వెనక్కి గొట్టాల పొడవునా రంగు గీత గీసి, బండిని గట్టిగా నడిపి వచ్చి చూస్తారు. రంగు ఎక్కడి దాకా కాలి రాలిందో, ఎక్కడ మిగిలిందో ఆ హద్దు దగ్గర హెచ్ పెడతారు. రోడ్డు కార్లకు ఇంత అక్కర్లేదు. గేర్‌బాక్స్ కింద క్రాస్‌మెంబర్ అడ్డం వస్తుంది, దాని ముందో వెనకో జాగా ఉన్న చోట, కలెక్టర్లకు వీలైనంత దగ్గరగా పెట్టండి.

సైలెన్సర్లు. ఇక్కడ చాలా రకాలు. గ్లాస్‌ప్యాక్ అంటే చిల్లుల గొట్టం చుట్టూ గాజు నార కుక్కినది. ఎర్ర చెర్రీ బాంబ్ మీరు చూసే ఉంటారు. కొత్తలో బాగుంటుంది, కొన్నాళ్ళకు నార కాలిపోయి ఖాళీ డబ్బా అవుతుంది. చాంబర్డ్ అంటే లోపల గోడలు కట్టి గదులు చేసినవి, ఫ్లోమాస్టర్ లాంటివి. పొట్టివి, గట్టిగా అరుస్తాయి. టర్బో మఫ్లర్ పేరు షెవీ కార్వేర్ టర్బో కారు నుంచి వచ్చింది. 60ల్లో కుర్రాళ్ళు ఆ కారు సైలెన్సర్‌ని తీసుకొచ్చి తమ కార్లకు తగిలించేవారు, శబ్దం సౌమ్యంగా ఉండి ఒత్తిడి తక్కువగా ఉండేది. ఇప్పుడు నేరుగా గొట్టం లోపలి నుంచి వెళ్ళే రకం కూడా ఉంది, చుట్టూ స్టీలు ఊలు, గాజు నార. అది నాకు నచ్చుతుంది, కాకపోతే పొడవుగా ఉండాలి. 14 అంగుళాల పొట్టి డబ్బాకీ 22 అంగుళాల డబ్బాకీ ధరలో పెద్ద తేడా ఉండదు, మీ ఆవిడ మీతో కారెక్కుతుందా లేదా అన్న దాంట్లో ఉంటుంది.

ఆ రోజుల్లో కంపెనీలు కూడా శబ్దంతో ఆటలాడాయి. 1969లో కమారోకి, షెవెల్‌కీ ఎన్‌సీ8 అని ఒక చాంబర్డ్ ఎగ్జాస్ట్ ఇచ్చారు. మామూలు సైలెన్సర్ డబ్బాల బదులు గొట్టంలోనే గదులు. పోంటియాక్ ఇంకో అడుగు ముందుకేసింది. 1970 జీటీఓలో డాష్‌బోర్డ్ కింద ఒక గుబ్బ పెట్టింది, లాగితే సైలెన్సర్లో అడ్డు తెరుచుకుని శబ్దం పెరుగుతుంది. 1970 జనవరిలో సూపర్ బౌల్ ఆట మధ్యలో దాని ప్రకటన కూడా వచ్చింది. పైవాళ్ళకు చిర్రెత్తుకొచ్చి ఆ ఆప్షనే పీకేశారు. రెండు వందల చిల్లర కార్లకే పరిమితమైంది. పోంటియాక్ వాళ్ళు 400, 455 లాంటివన్నీ ఒకే బ్లాకు కుటుంబంలోంచి తీసేవారు కాబట్టి దాన్ని బిగ్ బ్లాక్ అనొచ్చా అని వాదించేవాళ్ళుంటారు. వాళ్ళని భోజనాల దగ్గర పట్టుకోండి, నన్ను కాదు.

ఇందాక హోరు సంగతి చెప్తానన్నాను. ఇక్కడ కాస్త లెక్క చేద్దాం. మన షెవెల్‌కు టర్బో 400 ఆటోమేటిక్, వెనక 3.31 గేరు. హైవే మీద ఇంజిన్ నెమ్మదిగా తిరిగేలా చేసే ఓవర్‌డ్రైవ్ గేరు లేదు. 65 మైళ్ళ వేగంలో ఇంజిన్ దాదాపు 2700 ఆర్‌పీఎమ్ తిరుగుతుంది. సెకనుకు 45 చుట్లు. చుట్టుకు నాలుగు పేలుళ్ళు, అంటే సెకనుకు 180. కారు క్యాబిన్‌లో గాలి కూడా ఆ దగ్గర్లోనే కంపించిందా, అయిపోయింది. ఇక్కడి నుంచి షికాగో దాకా తలలో హోరే. దీనికి మందు ఉంది. గొట్టానికి పక్కగా, చివర మూసేసిన కొమ్మ గొట్టం ఒకటి వెల్డింగ్ చేస్తారు. అందులోకి వెళ్ళిన శబ్దం చివర తగిలి తిరిగొచ్చేసరికి అసలు శబ్దానికి ఎదురై దాన్ని చంపుతుంది. దాని పొడవు ఆ శబ్ద తరంగంలో నాలుగో వంతు ఉండాలి. వేడి పొగలో శబ్దం సెకనుకు సుమారు 500 మీటర్లు పోతుంది. 500ని 180తో భాగించి, మళ్ళీ నాలుగుతో భాగిస్తే 0.69 మీటరు. సుమారు 27 అంగుళాలు. కొంచెం పొడవుగా పెట్టుకుని, నడిపి చూసుకుంటూ కోసుకోవాలి, ఎందుకంటే ఆ కొమ్మలో పొగ చల్లబడుతుంది.

అయితే చూడండి. వచ్చే ఏడాది మీరు ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్ పెట్టించారనుకోండి, 0.70 నిష్పత్తిది. అదే 65 మైళ్ళకు ఇంజిన్ 1900 దగ్గర తిరుగుతుంది. సెకనుకు 126 పేలుళ్ళు. అప్పుడు కావలసిన కొమ్మ 39 అంగుళాలు. మీరు వెల్డింగ్ చేయించుకున్న 27 అంగుళాలది దండగ. అందుకే గేర్‌బాక్స్, వెనక గేరు, క్యామ్ తేలిన తర్వాతే ఎగ్జాస్ట్ అంటున్నాను. ఇది ఆఖర్న కొనాల్సిన వస్తువు. మనవాళ్ళు మొదట కొంటున్నారు, ఎందుకంటే వినిపించేది అదొక్కటే కదా.

లోహం సంగతి త్వరగా ముగిస్తాను. మామూలు స్టీలు చవక, తుప్పు పడుతుంది. అల్యూమినియం పూత ఉన్నది మధ్యరకం, మిషిగన్‌లో చలికాలం కారు బయటికి తీయనివాళ్ళకు చాలు. 409 స్టెయిన్‌లెస్ పైన కాస్త తుప్పు రంగు తేలుతుంది గానీ చిల్లులు పడదు. 304 మెరుస్తుంది, ఖరీదు. గొట్టం వంపులు మాత్రం మాండ్రెల్ బెండ్ అయి ఉండాలి. మామూలు ప్రెస్సులో వంచితే వంపు దగ్గర గొట్టం నలిగి సన్నబడుతుంది. రెండున్నర గొట్టం కొని, వంపుల్లో రెండుంపావు అయితే ఆ లెక్కంతా ఎవరి కోసం వేశాం? సైజు మీద పెట్టే డబ్బు వంపుల మీద పెట్టండి.

ఇంకొకటి. ఒక గ్యాలన్ పెట్రోలు కాలితే దాదాపు ఒక గ్యాలన్ నీళ్ళు పుడతాయి, ఆవిరిగా. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండా గరాజ్ నుంచి వీధి చివర దాకా వెళ్ళి తిరిగొస్తే ఆ నీళ్ళన్నీ సైలెన్సర్లోనే నిలుస్తాయి. లోపలి నుంచి తుప్పు తింటుంది. తీస్తే కనీసం అరగంట నడపండి, లేదా తియ్యొద్దు. హెడర్లకు గుడ్డ పట్టీ చుట్టడం కూడా ఇలాంటిదే. ఆ పట్టీ తేమని పట్టుకుని మామూలు స్టీలుని కొరికేస్తుంది. సిరామిక్ పూత మేలు. కానీ కొత్త క్యామ్ వేసి మొదటిసారి ఇంజిన్ తిప్పేటప్పుడు పాత హెడర్లు పెట్టుకోండి. ఆ సమయంలో టైమింగు సరిగ్గా లేకపోతే గొట్టాలు ఎర్రగా కాలి కొత్త పూత ఊడిపోతుంది.

ఎగ్జాస్ట్ మార్చాక కార్బ్యురేటర్ని అలాగే వదిలెయ్యొద్దు. గాలి ఎక్కువ పోతుంది కాబట్టి మిశ్రమం పల్చబడుతుంది, జెట్లు, అంటే పెట్రోలు వచ్చే చిల్లుల ముక్కలు, ఒకటి రెండు నంబర్లు పెంచాల్సి రావచ్చు. కలెక్టర్ దగ్గర ఆక్సిజన్ సెన్సార్ కోసం ఒక మర బిగించే బొడిపె వెల్డింగ్ చేయించుకోండి. గొట్టాలు విప్పి ఉన్నప్పుడే చేయించుకుంటే చిటికెలో పని, బిగించాక అయితే సగం రోజు.

సరే, ప్రశ్నలు అడగండి.

శ్రోత (ఒక మహిళ): మా పిల్లలు వెనక సీట్లో కూర్చుంటారు. పొగ వాసన వస్తుంటుంది. పాత కార్లన్నీ ఇంతేనని మావారంటారు.

ఇంతే కాదమ్మా. దీన్ని వదలొద్దు. వాసన వచ్చేది పెట్రోలుది, కానీ దాంతో పాటు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. మీవారు ఎక్కడున్నారు? (నవ్వులు) సరదాకి అనట్లేదండీ. గొట్టాల కొసలు బంపర్ దాటి బయటికి రావాలి. ఇరుసు దగ్గరే కత్తిరించి వదిలేస్తే పొగ కారు వెనక సుడి తిరిగి డిక్కీలోంచి లోపలికొస్తుంది. డిక్కీ తలుపు రబ్బరు మార్చండి. టెయిల్ లైట్ల వెనక రబ్బరు చూడండి. గేర్ లీవర్ చుట్టూ, నేల మీద చిల్లులున్నాయేమో కార్పెట్ ఎత్తి చూడండి. హెడర్ గ్యాస్కెట్ కారుతోందా అనేది తెల్లవారుజామున చల్లటి ఇంజిన్ మొదలెట్టి వింటే టిక్ టిక్ మని తెలుస్తుంది. ఆ పని అయ్యేదాకా పిల్లల్ని ఎక్కించకండి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి వెనక సీట్లో పెట్టండి, చవకే.

శ్రోత: బాబాయ్ గారూ, నాది నంబర్లన్నీ సరిపోయిన, అంటే ఫ్యాక్టరీలో వచ్చిన భాగాలే ఉన్న, కారు. హెడర్లు పెడితే విలువ పోతుందా?

విప్పిన మానిఫోల్డ్‌లు పారేస్తే పోతుంది బాబూ. వాటి మీద పోతలోనే తేదీ ఉంటుంది. షెవీ వాళ్ళకు నెల ఒక అక్షరం, తర్వాత తేదీ, చివర సంవత్సరం ఆఖరి అంకె. A 12 0 అని ఉంటే 1970 జనవరి 12. ఆ తేదీ కారు తయారైన తేదీకి కొన్ని వారాల ముందుంటేనే అది అసలు ముక్క అని కొనేవాడు నమ్ముతాడు. నూనె రాసి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి. బోల్టులతో సహా.

శ్రోత: మేము వచ్చే నెల కాలిఫోర్నియా మారిపోతున్నాం. అక్కడ సమస్యలొస్తాయా?

1975, అంతకు ముందు మోడళ్ళకు అక్కడ స్మాగ్ (పొగ కాలుష్యం) పరీక్ష లేదు. పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్లు కూడా 1975 మోడళ్ళ నుంచే వచ్చాయి కాబట్టి మీ 1970 కారుకు అసలు లేదు, పెట్టాల్సిన పనీ లేదు. శబ్దానికి మాత్రం 95 డెసిబెల్స్ హద్దుంది, సైలెన్సర్ తప్పనిసరి. మన దగ్గర విశాఖలో, హైదరాబాదులో బులెట్లకు పెట్టిన గోల సైలెన్సర్లను పోలీసులు రోడ్డు మీద పరిచి రోలర్ తొక్కించారు కదా, ఇక్కడ అంత లేదు, టికెట్టు రాస్తారు.

శ్రోత: కటౌట్లు ఎలా ఉంటాయండీ? మీట నొక్కితే తెరుచుకునేవి?

మోటారుతో తెరుచుకునేవా? డ్రాగ్ స్ట్రిప్‌కు వెళ్ళేవాళ్ళకు పనికొస్తాయి. కలెక్టర్ తర్వాత వేస్తారు, తెరిస్తే పొగ సైలెన్సర్ జోలికి పోకుండా కిందికి పోతుంది. వాటి గ్యాస్కెట్లు కొన్నాళ్ళకు కారతాయి, అప్పుడు మూసినా చిటపటమంటూనే ఉంటుంది. అవి తెరుచుకునేది సరిగ్గా మీ కాళ్ళ కింద, ఇందాక అమ్మ అడిగిన పొగ సంగతి మళ్ళీ మొదలవుతుంది. పెట్టుకుంటే మూతి బయటికి, పక్కకు తిప్పి పెట్టించండి. మోటారు వైర్లు హెడర్‌కు దూరంగా లాగండి. ఇంకా, కటౌట్ తెరిచినప్పుడు మిశ్రమం ఒకలా, మూసినప్పుడు ఇంకోలా ఉంటుంది. దేనికి జెట్లు పెట్టాలో ముందే తేల్చుకోండి. నేనైతే మూసినప్పటికే పెట్టి, తెరిచి ఎక్కువసేపు నడపొద్దంటాను.